గాజు దీపానికి తగిన వన్నె

దివ్య ఖుర్ఆన్ నూర్ సూరాలోని 35వ ఆయత్‌లో గాజులో వెలిగే దీపం ఒక గొప్ప ఉపమానంగా వస్తుంది. గాజు వెలుగును కాపాడుతుంది, దాచదు. అలంకరణ కోసం మన ఇళ్ళలోకి వచ్చిన పరిమళ కొవ్వొత్తికి రంగు ఎంచుకునేటప్పుడు కూడా వెలుగుకే మొదటి స్థానం ఇవ్వాలి. లేత రంగు మైనం జ్వాల కాంతిని తనలో నింపుకుని గాజంతా మెరిపిస్తుంది. ముదురు రంగు ఆ కాంతిని మింగేస్తుంది.

రంగుల కోసం దూరం వెళ్ళనక్కరలేదు. తెనాలి చెంతనున్న కొలకలూరు పరిసరాలను చూడండి. వరి నాట్ల లేత ఆకుపచ్చ, కోతల నాటి బంగారు వన్నె, దుగ్గిరాల మార్కెట్‌కు చేరే పసుపు, సాయంత్రపు మల్లెల తెలుపు. ఒక గాజుకు వీటిలో రెండు చాలు. ఒక పొర గట్టిపడిన తరువాతనే రెండవది పోస్తే రంగులు కలగాపులగం కావు.

రంగు పరిమళానికి తోడు కావాలి. మల్లెకు తెలుపు, నిమ్మకు లేత పసుపు సహజంగా అమరుతాయి. వనిల్లా పరిమళంలోని వనిలిన్ తెల్లని మైనాన్ని కాలక్రమేణా గోధుమ వన్నెకు మారుస్తుంది. కాబట్టి దానికి మొదటే మీగడ రంగు ఎంచుకోవడం వివేకం. కిటికీ ఎండలో ఉంచితే ఏ రంగైనా వెలిసిపోతుంది.

ఇంట్లో తయారుచేసే సోదరీమణులు ఒక జాగ్రత్త పాటించాలి. వంటల్లో వాడే నీటి రంగులు మైనంలో కలవవు. పసుపు పొడి, పిల్లల క్రేయాన్ల రేణువులు వత్తిని మూసివేస్తాయి. మంట కుంచించుకుపోయి పొగ వస్తుంది. నూనెలో కరిగే కొవ్వొత్తి రంగును కొద్దిగా వాడడమే సరైన పద్ధతి. ఉబ్బసం ఉన్నవారి గదిలో పరిమళ కొవ్వొత్తి వెలిగించకపోవడమే మేలు.

అందం కోరుకోవడం తప్పు కాదు. అయితే దుబారాకూ అజాగ్రత్తకూ తావివ్వరాదు. ఎలుక వత్తిని లాగి ఇంటికి నిప్పు పెట్టవచ్చునని హెచ్చరిస్తూ, నిద్రకు ముందు దీపాలు ఆర్పమని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఉపదేశించారు. గాజులో ఉందన్న ధీమా మనకు తగదు. మంట అడుగుకు చేరితే ఆ వేడికి గాజే పగలవచ్చు. అర అంగుళం మైనం మిగిలి ఉండగానే ఆ కొవ్వొత్తి వాడకం ఆపివేయాలి. తెరలకూ పసిపిల్లల చేతులకూ దూరంగా ఉంచాలి. ఇంటికి వెలుగునిచ్చి, ఇంటివారు పడుకునే ముందు ఆరిపోయిన దీపమే అందమైన దీపం.