దోరజామతో ఇంటి జామ్

ఏ పండుతో చేసినా జామ్ గట్టిపడాలంటే పెక్టిన్, పులుపు, చక్కెర ఈ మూడూ కుదరాలి. పెక్టిన్ పండు కణాలను అంటిపెట్టి ఉంచే పదార్థం. తగినంత పులుపు, చక్కెర తోడైతే అది వలలా అల్లుకుని రసాన్ని కదలకుండా పట్టేస్తుంది. ఉష్ణమండల పండ్లలో ఇవి సమంగా ఉండేవి అరుదు. అనాసలో పులుపుంది, పెక్టిన్ తక్కువ. బొప్పాయిలో పులుపు దాదాపు లేదు. మామిడి సంగతి రకాన్ని, పక్వాన్ని బట్టి మారుతుంది. పెక్టిన్ పుష్కలంగా ఉన్నది జామపండు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల్లో పుట్టిన ఈ పండుతోనే బ్రెజిల్‌లో ‘గోయబాడ’ చేస్తారు. కత్తితో కోసుకునేంత గట్టిగా ఉండే దాన్ని జున్నుతో కలిపి తినడం అక్కడివారికి ఇష్టం.

జామ్ బాగా రావడం సగానికి సగం పండు ఎంపికలోనే ఉంది. పచ్చికాయలో పెక్టిన్ ఇంకా కరిగే రూపానికి రాదు, వాసనా ఉండదు. బాగా మాగితే వాసన గుప్పుమంటుంది కానీ పెక్టిన్ విరిగిపోతుంది, జామ్ జారుడుగా మిగులుతుంది. పసుపు తిరుగుతూ, వేలితో నొక్కితే కాస్త లొంగే దోరపండే సరైనది. మూడు వంతులు దోరవి, వాసన కోసం ఒక వంతు మాగినవి తీసుకుంటే మేలు. ఎర్రగుజ్జు రకాలైతే రంగు కూడా అందంగా వస్తుంది.

తొక్కలోనూ పెక్టిన్ ఉంటుంది కాబట్టి తీయనక్కర్లేదు. ముక్కలు సగం మునిగేలా నీళ్లు పోసి మెత్తగా ఉడికించి, జల్లెడలో వేసి గరిటెతో రుద్దితే గుజ్జు కిందికి దిగి గింజలు పైన నిలుస్తాయి. మిక్సీలో తిప్పితే గింజలు పగిలి జామ్ గరుకవుతుంది. కిలో గుజ్జుకు ముప్పావు కిలో చక్కెర, రెండు నిమ్మకాయల రసం సరిపోతాయి. నిమ్మరసం పెక్టిన్‌కు తోడ్పడటమే కాదు, చక్కెరలో కొంత భాగాన్ని విడగొట్టి, సీసాలో పలుకులు కట్టకుండా చూస్తుంది. పులుపు తగిలే వంట కనుక రాగి, అల్యూమినియం గిన్నెలు పనికిరావు. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి స్టీలు గిన్నెలో నీరు త్వరగా ఇగురుతుంది, రంగు నిలుస్తుంది.

అసలు నేర్పు దించే సమయంలో ఉంది. మొదట చిన్న బుడగలతో నురగ పొంగుతుంది. చిక్కబడేకొద్దీ బుడగలు పెద్దవై, నెమ్మదించి, టప్ టప్‌మని చిమ్ముతాయి. చెయ్యి కాలకుండా పొడవాటి గరిటె వాడాలి. గరిటెను పైకెత్తి పక్కకు వంచినప్పుడు చుక్కలు విడివిడిగా రాలకుండా, ఒకదానితో ఒకటి కలిసి రేకులా జారితే పాకం కుదిరినట్టే. చల్లని పళ్లెంలో కొంచెం వేసి, ఆరాక వేలితో తోస్తే పైపొర ముడతపడాలి. థర్మామీటరు ఉంటే నీరు మరిగే వేడి కన్నా 5 డిగ్రీలు ఎక్కువ చూసుకోవాలి: విశాఖ తీరంలో 105 డిగ్రీల సెల్సియస్, ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో 103 దగ్గర. పొయ్యి మీదే గట్టిపడాలని మరిగిస్తూ పోవడం చాలామంది చేసే పొరపాటు. జామ్ చల్లారాకే పట్టుకుంటుంది. ఎక్కువ మరిగితే రంగు నల్లబడి, బంకలా సాగుతుంది.

పాకం కుదిరే దశలో కరిగిన ఘనపదార్థాలు, ముఖ్యంగా చక్కెర, సుమారు 65 శాతానికి చేరతాయి. బజారులో అమ్మే జామ్‌కూ మన ఆహార ప్రమాణాలు అడిగేది కనీసం అంతే. పండు మాత్రం చాలా రకాలకు 45 శాతం ఉంటే చాలు. ఇంటి జామ్‌లో పండు అంతకన్నా చాలా ఎక్కువే పడుతుంది. అంత చక్కెర నీటిని పట్టి ఉంచడం వల్ల సూక్ష్మజీవులకు అది అందదు, నిల్వ రహస్యం అదే. తీపి తగ్గించి చేసిన జామ్‌ను ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది వారాల్లో వాడేయాలి.

గాజుసీసాలను పది నిమిషాలు నీళ్లలో మరిగించి, తడి లేకుండా ఆరబెట్టి, అవి వేడిగా ఉండగానే జామ్ నింపి మూత బిగించాలి. చల్లని సీసాలో పోస్తే గాజు పగలవచ్చు. మూత తీశాక ఫ్రిజ్‌లో ఉంచి, పొడి చెంచానే వాడాలి. బూజు కనిపిస్తే పైపొర తీసేసి తినడం మంచిది కాదు, సీసాలోదంతా పారేయాలి.