యానాము సరిహద్దు – ఆహార సరుకుల గిడ్డంగి లెక్కలు

గౌతమీ గోదావరి సముద్రమును చేరు తావునకు చేరువలో, కాకినాడకు దక్షిణముగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున యానాము కలదు. చుట్టును ఉన్నది ఆంధ్రప్రదేశ్ భూభాగమే. పరిపాలన మాత్రము పుదుచ్చేరిది. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండుటచే ఈ స్థితి యేర్పడినది. శారదా చట్టము 1930లో అమలునకు వచ్చిన పిమ్మట బ్రిటిషు ఆంధ్ర ప్రాంతమునుండి పెండ్లివారు బాల్యవివాహములకై ఇచ్చటికి తరలివచ్చెడివారు. నాడు పెండ్లివారికి అక్కరకు వచ్చిన ఆ సరిహద్దే నేడు ఇంటర్నెట్టు ద్వారా సాగు తినుబండారముల వర్తకమునకు అడ్డు తగులుచున్నది. అది యెట్లో గ్రహింపవలెనన్న ముందు గిడ్డంగిలోనికి పోయి చూడవలెను.

పూర్వము గుమాస్తా జ్ఞాపకమే గిడ్డంగికి చిట్టా. ఏ సరుకు ఏ మూల నున్నదో ఆతనికే తెలియును. ఆతడు రాని దినమున పని కుంటుపడును. గిడ్డంగి నిర్వహణ సాఫ్ట్‌వేరు చేయు మొదటి పని ఆ జ్ఞాపకమును కంప్యూటరునకు అప్పగించుట. ప్రతి అరకు ఒక సంఖ్య నిత్తురు. సరుకు వచ్చినంతనే పెట్టెపైనున్న బార్‌కోడును యంత్రముచే చదివించి, అది యెన్నడు తయారైనదో, గడువు ఎన్నడు తీరునో, ఏ అరలో చేరినదో నమోదు చేయుదురు. కొనుగోలుదారు ఆర్డరు పంపగనే, ఏ అరకు పోయి ఏ పెట్టె తీయవలెనో సాఫ్ట్‌వేరే పనివానికి చెప్పును. అంగడిలో బార్‌కోడును తొలిసారి చదివించినది 1974 జూను 26న, అమెరికాలోని ఓహియో రాష్ట్రమున. ఆ సరుకు చ్యూయింగ్‌గమ్ పొట్లము. దానికి గడువు తొందర అంతగా లేదు. మన సరుకులకు కలదు.

అదియు అన్నిటికి ఒక్క తీరున ఉండదు. పాతబడిన బియ్యపు అన్నము పొడిపొడిగా నుండునని మనవారు పాత బియ్యమునకే ఎక్కువ వెల యిత్తురు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురపు పూతరేకుల సంగతి వేరు. బోర్లించిన కుండపై పలుచని బియ్యపు పిండితో తీసిన రేకులలో నెయ్యి, బెల్లము లేక చక్కెర చేర్చి వానిని చుట్టుదురు. నిలువ యున్నకొలది నేతివాసన చెడును. తేమ తగిలిన రేకు మెత్తబడును. బరువు పడిన పొడియగును. ఇక వరద కాలమున గోదావరికి ఎదురీది వచ్చు పులస యానాము వేలములో వేల రూపాయలు పలుకును. దానికి కావలసినది అర కాదు, మంచుగడ్డ. గడువును దినములలో గాక గంటలలో లెక్కింపవలెను.

కావున ముందు వచ్చిన సరుకు ముందు పోవలెనను పాత నియమము చాలదు. నిన్న వచ్చిన పెట్టె మొన్న వచ్చినదానికంటె ముందు తయారై యుండవచ్చును. ముందు గడువు తీరునది ముందు పోవలెను. 2024 నవంబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఇంటర్నెట్టు వర్తకులను పిలిచి, కొన్నవాని చేతికి అందునాటికి గడువులో 30 శాతము గాని, 45 దినములు గాని మిగిలియుండవలెనని చెప్పినది. ఇరువది దినముల గడువు గల మిఠాయిలో ఆరు దినములు మిగులవలె ననుకొనిన, దారిలో నాలుగు దినములు పట్టు ఊరికి అది తయారైన పదవ దినము దాటిన పిమ్మట గిడ్డంగినుండి కదలరాదు. ఈ తీసివేత ప్రతి పెట్టెకు, ప్రతి ఊరికి వేరు వేరుగా చేయుట గుమాస్తా తరము కాదు.

తేదీ తరువాత తావు. యానాము చిక్కు ఇచ్చటనే యున్నది. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడు ఉత్తరములు చేరవేయుటకు ఏర్పడినదే గాని రాష్ట్రముల హద్దులు తెలుపుటకు కాదు. యానాము పిన్‌కోడు 533464. కాకినాడ, ఆత్రేయపురముల కోడులును 533తోనే మొదలగును; పుదుచ్చేరి పట్టణమునది 605. తపాలావారికి ఇది సమంజసమే. కాని 2017 జూలై 1న వచ్చిన జి.ఎస్.టి. లెక్కలో ఆంధ్రప్రదేశ్ సంఖ్య 37, పుదుచ్చేరి సంఖ్య 34. కాకినాడ గిడ్డంగినుండి యానామునకు పంపిన మిఠాయి అంతర్రాష్ట్ర సరఫరా యగును. దానిపై కేంద్ర, రాష్ట్ర పన్నులు చెరిసగము గాక సమీకృత పన్ను ఒక్కటే పడవలెను. పిన్‌కోడు మొదటి అంకెలు చూచి రాష్ట్రమును ఊహించు సాఫ్ట్‌వేరు ఇచ్చట తప్పక పొరబడును. అప్పుడు వర్తకుడు సరియైన పన్ను మరల చెల్లించి, ముందు కట్టినదానిని వాపసు అడుగుకొనవలెను. తాజా చేపకు పన్నే లేదు గనుక పులసకు ఈ బాధ లేదు.

పెద్ద వర్తకునకు ఇది లెక్కల చిక్కు మాత్రమే. ఇంట పూతరేకులు చుట్టి అమ్ముకొను స్త్రీకి బ్రతుకుతెరువు చిక్కు. జి.ఎస్.టి. నమోదు అక్కరలేని చిన్న అమ్మకందారులు ఇంటర్నెట్టు అంగడుల ద్వారా అమ్ముకొనుటకు 2023 అక్టోబరు 1 నుండి వెసులుబాటు కలిగినది, అయితే స్వరాష్ట్రములోపలనే. ఆమె పెట్టె శ్రీకాకుళమునకు పోవచ్చును, తిరుపతికి పోవచ్చును. ఎదుర్లంకవద్ద గౌతమి వంతెన దాటి యానామునకు పోరాదు. చట్టము కోరిన ఫలము ఇది కాదని ఎవరికైనను తోచును. కాని అది మారునంతవరకు ఆమెకు తెలియకయే ఆ పెట్టె హద్దు దాటకుండ చూడవలసినది సాఫ్ట్‌వేరే.

ఇందుకు గొప్ప యంత్రములు అక్కరలేదు. ప్రతి పిన్‌కోడునకు ఎదురుగా రాష్ట్ర సంఖ్యను విడిగా వ్రాసిన పట్టిక చాలును. 533464 ఎదుట 34 అని యుండవలెను. కేరళ నడుమనున్న మాహే కోడు 673310కును అదే సంఖ్య. ఈ పరీక్ష ఆర్డరు అందిన క్షణముననే జరుగవలెను. పెట్టెకు చిరునామా చీటి అంటించిన పిమ్మట జరిగినచో, పెట్టె తిరిగి అరకు పోవును. పూతరేకుల గడువులో ఒక దినము పోవును.