మ్యాప్‌లో ఎరుపు ఎలా వస్తుంది?

సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ హైదరాబాద్‌లో పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట మైత్రీవనం దాకా రోడ్డు ఫోన్ మ్యాప్‌లో ఎర్రబడుతుంది. ఆ రంగుకు ప్రధాన ఆధారం అక్కడ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్ల ఫోన్లే.

సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలు అందుకుని ఫోన్ తానెక్కడుందో లెక్కగడుతుంది. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఆ వివరం పేరూ ఊరూ లేకుండా సర్వర్‌కు చేరుతుంది. ఎంతసేపట్లో ఎంత దూరం కదిలిందో తెలిస్తే వేగం తెలిసినట్టే. చాలా ఫోన్ల వేగాలను కలిపి, ఆ రోడ్డు మీద రద్దీ లేనప్పుడు ఉండే వేగంతో పోల్చి రంగు వేస్తారు.

ఈ లెక్కకు ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మెట్రో వంతెన కింద, ఎత్తైన భవనాల మధ్య సంకేతాలు కాంక్రీటుకు తగిలి చుట్టు తిరిగి వస్తాయి. దాంతో మెయిన్ రోడ్డు మీదున్న ఫోన్ పక్క గల్లీలో ఉన్నట్టు కనిపించవచ్చు. ఇక కార్లు ఆగినా బైకులు సందు చూసుకుని సాగిపోతాయి కాబట్టి రెండింటి వేగాలూ కలిపితే లెక్క తప్పవచ్చు. గూగుల్ మ్యాప్స్ 2017 డిసెంబరులో మన దేశంలో ద్విచక్ర వాహనాలకు విడిగా దారి చూపడం మొదలుపెట్టింది.

ఎరుపు చూడగానే కొందరు ఎల్లారెడ్డిగూడ, శ్రీనగర్ కాలనీ లోపలి వీధులకు మళ్లుతారు. ముందు వెళ్లినవాళ్లకు కాస్త సమయం కలిసొస్తుంది. వెనకాల అందరూ అదే పని చేసేసరికి ఆ వీధులూ నిండిపోతాయి. ఎవరికి వారు తొందరగా చేరే దారి వెతుక్కుంటూ పోతే, చివరికి జనం వాడే దారులన్నిటికీ ఒకే సమయం పడుతుందని ట్రాఫిక్ పరిశోధకుడు జాన్ వార్డ్రాప్ 1952లోనే సూత్రీకరించాడు. అప్పట్లో పక్క దారి సంగతి అనుభవం మీద తెలిసేది. ఇప్పుడు ఫోన్ క్షణాల్లో చెప్పేస్తుంది. కాలనీవాసుల ఇంటి ముందుకు హారన్లూ అంతే త్వరగా వస్తాయి.

ఫోన్ రద్దీని నాలుగు వీధులకు పంచగలదు కానీ రోడ్డును వెడల్పు చేయలేదు. వాహనాలే తగ్గాలి. అదే రోడ్డు పైనుంచి మెట్రో నడుస్తోంది. 2022 నుంచి వాట్సాప్‌లోనూ టికెట్ దొరుకుతోంది. అడ్డదారి చూపే ఫోన్ కన్నా మెట్రో ఎక్కించే ఫోన్‌తోనే అమీర్‌పేటకు మేలు.