మూడో గడి ఖాళీ

ఆఫ్రికాలో హెపటైటిస్-బి మీద రాయమని ఎడిటర్ గారు పురమాయించారు. శుక్రవారం రాత్రికి పేజీలు ప్రెస్సుకు వెళ్లాలి. లెక్కలు పోగుచేసుకున్నాను గానీ, మనసు మాత్రం అడ్డతీగల మన్యంలో చూసిన ఒక కార్డు చుట్టూనే తిరుగుతోంది.

తల్లీబిడ్డల రక్షణ కార్డది. వానకు తడవకుండా పాలిథిన్ సంచిలో చుట్టి చూరులో దోపారు. ఆ తల్లి దాన్ని కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. టీకాల పేజీలో మొదటి వరుస బిడ్డ పుట్టగానే వేసేవాటిది: బీసీజీ, పోలియో జీరో డోసు, హెపటైటిస్-బి జీరో డోసు. మొదటి రెండు గడుల్లో తేదీలున్నాయి. మూడోది ఖాళీ.

"బాబు ఇంటికాడే పుట్టాడండి. వాగు పొంగిపోయింది. మూడోనాడు నర్సమ్మొచ్చి సూదేసింది."

నర్సమ్మ తప్పేమీ లేదు. బీసీజీని ఏడాదిలోపు ఎప్పుడైనా వెయ్యొచ్చు, పోలియో జీరో డోసుకు పదిహేను రోజుల గడువుంది. హెపటైటిస్-బి జీరో డోసుకు ఉన్నది 24 గంటలే. తల్లి రక్తంలో వైరస్ ఉంటే అది బిడ్డకు ఎక్కువగా అంటేది కాన్పు సమయంలోనే. పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా దాన్ని వదిలించుకుంటారు. పసికందుకు సోకితే నూటికి తొంభై మందిలో జీవితాంతం తిష్ఠ వేస్తుంది. కామెర్లయినా కనపడవు. ముప్ఫై, నలభై ఏళ్లకు కాలేయం గట్టిపడో, క్యాన్సరై కూచునో బయటపడుతుంది. అప్పుడు ఆకుపసరు పోసి లాభం లేదు.

ఆ కార్డులో ఆరు, పది, పద్నాలుగో వారాల పెంటావాలెంట్ గడులన్నీ నిండే ఉన్నాయి. అందులోనూ ఈ టీకా ఉంది. అయితే కాన్పులోనే వైరస్ చొరబడితే ఆరు వారాలు ఆలస్యమే. ఇంకో చిక్కు సీసాది. ఒక్కో సీసాలో పది డోసులుంటాయి. ఒక్క బిడ్డ కోసం మూత తీస్తే మిగతా తొమ్మిదీ వృథా అవుతాయన్న జంకు సిబ్బందికి ఉంటుంది. చల్లగా, శుభ్రంగా దాస్తే తెరిచిన సీసాను 28 రోజులు వాడుకోవచ్చని నిబంధనే చెబుతోంది. జంకక్కర్లేదు.

చరిత్ర రెండు ముక్కల్లో: 1965లో అమెరికా శాస్త్రవేత్త బ్లూంబర్గ్ ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో ఈ వైరస్ జాడ పట్టి, 1976లో నోబెల్ అందుకున్నారు. విదేశీ టీకా ధర సామాన్యుడికి అందని రోజుల్లో, 1997లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ హైదరాబాద్‌లో చవకైన టీకా తెచ్చింది. 2011 నాటికి హెపటైటిస్-బి టీకా దేశమంతటా ఉచిత టీకాల్లో చేరింది. తెలుగువాడిగా నాకది ఇప్పటికీ గర్వమే. అందుకే ఆ ఖాళీ గడి మరీ గుచ్చుకుంది.

ఆఫ్రికాలో ఇలాంటి ఖాళీ గడులు కోకొల్లలు. 2022లో ప్రపంచంలో కొత్తగా సోకినవాటిలో 63 శాతం అక్కడివే. పుట్టగానే టీకా పడింది మాత్రం నూటికి 18 మంది పిల్లలకే. మన దేశంలో దాదాపు మూడు కోట్ల మందిలో ఈ వైరస్ ఉంది. 2007లో వచ్చిన ఒక సమీక్ష గిరిజనేతరుల్లో 2.4 శాతం, గిరిజనుల్లో 15.9 శాతం అని తేల్చింది. అండమాన్ తెగల లెక్కలు కలిసి పెరిగిన అంకె అది. మన కొండలకు ఉన్నదున్నట్టు అంటగట్టడం న్యాయం కాదు.

వైరస్ వంశాలు
ఈ వైరస్ జన్యు రకాలను ఇంగ్లిషు అక్షరాలతో పిలుస్తారు. పశ్చిమాఫ్రికాలో ‘ఈ’ రకం, తూర్పు, దక్షిణాల్లో ‘ఏ’, ఉత్తరాన ‘డి’ ఎక్కువ. ‘ఈ’లో వైవిధ్యం తక్కువ. బానిసలుగా అమెరికాకు తరలించిన వారి సంతతిలో అది దాదాపు కనిపించదు. కాబట్టి ఆఫ్రికాలో అది పాకింది ఇటీవలి కాలంలోనే అని శాస్త్రవేత్తల ఊహ. మన దేశంలో ‘డి’, ‘ఏ’ ప్రధానం. అండమాన్ జారవాల్లో ‘సి’, నికోబారీల్లో ‘డి’ కనిపించాయి. రకమేదైనా టీకా ఒక్కటే.

కొండ మీద గర్భిణి ఉంటే నెలలు నిండకముందే ఆసుపత్రి దగ్గరికి చేర్చండి, హెపటైటిస్-బి రక్తపరీక్ష అడిగి చేయించండి. బిడ్డ పుట్టిన రోజే కార్డు తెరిచి మూడో గడి చూడండి. ఖాళీగా ఉంటే, తెల్లారేదాకా ఆగకుండా నర్సమ్మను పిలవండి.