సుడిదోమ – ఋతుగతి

కార్తీకమాసం వచ్చిందంటే కృష్ణా పశ్చిమ డెల్టాలోని వరి రైతుకు కంటిమీద కునుకు ఉండదు. నిన్నటిదాకా పచ్చగా ఉన్న చేలో అక్కడక్కడా పైరు గుండ్రని సుడులుగా ఎండి గడ్డిరంగుకు తిరుగుతుంది. ఇది సుడిదోమ చేసే చేటు. పేరుకు దోమే గాని ఇది మనుషులను కుట్టదు. 3, 4 మిల్లీమీటర్ల పొడవుండే ఈ గోధుమరంగు పురుగు వరిదుబ్బు మొదట్లో, నీటిమట్టానికి కాస్త పైన, గుంపులుగా చేరి రసం పీలుస్తుంది.

నాట్లు పడిన కొద్ది వారాలకు పొడవురెక్కల పురుగులు కొన్ని గాలివాటున చేలోకి చేరతాయి. మేత సమృద్ధిగా దొరికితే వాటి సంతానంలో పొట్టిరెక్కలవి ఎక్కువగా పుడతాయి. ఇవి ఎగరలేవు, ఒక్కొక్క ఆడపురుగు ఆకుతొడుగులలో వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. ఒక తరానికి సుమారు నెలరోజులు చాలు. అందుచేత రెండు మూడు తరాలు గడిచి, పైరు పొట్టకు వచ్చి ఈనే అక్టోబరు, నవంబరు నెలలలో దోమ ఉద్ధృతి హెచ్చుతుంది. మబ్బులు, గాలిలో తేమ దానికి తోడ్పడతాయి.

అయితే అన్ని నేలలలోనూ పరిస్థితి ఒకటి కాదు. తెనాలి చుట్టుపక్కల అరటి, పసుపు తోటలలోగాని, బాపట్ల ఇసుక నేలల సరుగుడు తోటలలోగాని దీనికి మేత లేదు. వరి ఒక్కటే దీని ఆహారం. తెనాలి పరిసరాలకు కాలువనీరు ముందుగా చేరుతుంది. రేపల్లె వైపు కాలువ చివరి భూములకు ఆలస్యంగా అందుతుంది. ముందు నాటిన చేలు ముదిరినప్పుడు రెక్కల దోమలు లేత పైరును వెదకుతూ పోతాయి కనుక వెనుక నాటిన రైతుకే భయం ఎక్కువ. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి అన్నం రుచికి పేరుపొందింది గాని ఈ దోమను తట్టుకోలేదు.

దోమను పెంచడంలో మనిషి పాత్రా తక్కువది కాదు. అధికంగా చల్లిన యూరియా దానికి విందు. కొన్ని పురుగుమందులు దోమను తినే సాలీళ్లను చంపి దోమనే వృద్ధి చేస్తాయి. దీనికన్నా ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలి నాటడం, చేలో నీటిని అప్పుడప్పుడు తీసివేసి ఆరబెట్టడం మేలు.

కోతకు రెండు మూడు రోజుల ముందు వరిచేలోనే మినుము చల్లుతారు. మినుము ఎదిగే నెలలలో దోమకు ఆహారం కరవై దాని సంఖ్య పడిపోతుంది. కోసిన దుబ్బుల నుంచి తిరిగి చిగిర్చిన పిలకలు, రాలిన గింజల మొలకలు మాత్రం దానికి ఆశ్రయమిస్తాయి.