'వేటకు వెళ్లరాదని సూచించబడింది'.. ఇంతకీ చెప్పిందెవరు? ఇంగ్లిష్ బులెటిన్ తీరం చేరేసరికి మారిపోతున్న మాట

నెల్లూరు: బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందంటే చాలు.. మైపాడు, ఇసకపల్లి, తుమ్మలపెంట.. ఇలా నెల్లూరు తీరంలోని పాళేలన్నీ ఒక్క కబురు కోసం ఎదురుచూస్తాయి. వేటకు పోవచ్చా, లేదా? వాతావరణ శాఖ ఇంగ్లిష్ బులెటిన్‌లో ఆ కబురు ఏళ్లుగా దాదాపు ఒకే వాక్యంలో వస్తోంది. 'ఫిషర్‌మెన్ ఆర్ అడ్వైజ్డ్ నాట్ టు వెంచర్ ఇంటు ది సీ'.

ఈ వాక్యం టీవీ స్క్రోలింగ్‌లోకి, అక్కడి నుంచి వాట్సాప్ గ్రూపుల్లోకి, చివరికి ఒడ్డున వల సర్దుకుంటున్న మనిషి చెవికి చేరేలోపు మూడు వేషాలు మారుస్తుంది. ముందు 'మత్స్యకారులు సముద్రంలోకి వెళ్లరాదని సూచించబడింది' అవుతుంది. తర్వాత 'వెళ్లొద్దని అధికారులు తెలిపారు' అవుతుంది. ఆఖరికి 'ఏటకు పోబాకండి అన్నారంట' దగ్గర ఆగుతుంది. మూడింటి అర్థం ఒకటేగా అనిపించొచ్చు. కానీ వినేవాడు వాటిని ఒకేలా తీసుకోడు. తేడా అంతా వాక్యం కట్టిన తీరులోనే ఉంది.

ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు పని చేసిందెవరో చెప్పకుండా వాక్యాన్ని నడిపించడానికి బాగా అలవాటు పడ్డారు. దాన్నే స్కూల్లో 'ప్యాసివ్ వాయిస్' అని నేర్పిస్తారు. ఎవరు చేశారో తెలియనప్పుడు వాడతారు: 'మై ఫోన్ వాజ్ స్టోలెన్'. ఎవరో అందరికీ తెలుసు, చెప్పక్కర్లేదు అనుకున్నప్పుడూ వాడతారు: 'హి వాజ్ అరెస్టెడ్'. పోలీసులు కాక ఇంకెవరు పట్టుకుంటారు! ఇక తప్పు ఎవరిదో బయటపడకూడదనుకుంటే 'మిస్టేక్స్ వర్ మేడ్' అనేస్తారు. తప్పులైతే జరిగాయి, చేసినవాడే కనిపించడు. రాజకీయ నాయకులకు, కంపెనీ ప్రకటనలకు ఇది మహా ఇష్టమైన వాక్యం.

తెలుగులో దీనికి సమానంగా వ్యాకరణం చూపించేది 'బడు'. చేయబడింది, చెప్పబడింది, సూచించబడింది. పుస్తకాల్లో, కోర్టు కాగితాల్లో, ఆఫీసు నోటీసుల్లో తప్ప ఇది ఎవరి నోటా రాదు. 'నా ఫోన్ దొంగిలించబడింది' అని ఏ తెలుగువాడూ స్టేషన్‌లో చెప్పడు. 'ఫోన్ పోయింది సార్' అంటాడు, లేదంటే 'ఎవరో కొట్టేశారు' అంటాడు. కనబడింది, వినబడింది లాంటివి రోజూ వాడతాం కదా అని అడగొచ్చు. వాడతాం. కానీ వాటిలో చేసినవాణ్ని పక్కనపెట్టే పనేమీ లేదు.

అలాగని చేసినవాడి పేరెత్తకుండా చెప్పే దారి తెలుగుకు లేకపోలేదు. పెన్నాకు వరద వచ్చినప్పుడు నెల్లూరంతా అనే మాట 'సోమశిల గేట్లు ఎత్తారు'. ఎవరెత్తారు? వాక్యంలో లేదు. ఇంజినీర్లా, సిబ్బందా అన్నది ఎవరికీ పట్టదు. చివర ఉన్న ఆ 'రు' ఒక్కటే పనంతా చేసేస్తుంది. ఇదే ఇంగ్లిష్‌లో అయితే 'ది గేట్స్ వర్ లిఫ్టెడ్' అంటారు. దాన్ని మక్కీకి మక్కీ దించి 'గేట్లు ఎత్తబడ్డాయి' అని రాస్తే మాత్రం చదివేవాడు ఒక్క క్షణం ఆగుతాడు. వరద హెచ్చరికలో ఆ ఒక్క క్షణం కూడా ఎక్కువే.

ఇక రెండోది.. ఒకరు చెప్పిన మాటను ఇంకొకరికి చేరవేయడం. ఇంగ్లిష్‌లో దీనికి బోలెడు తొడుగులున్నాయి. 'హి సెడ్ దట్', 'ఐ వాజ్ టోల్డ్', 'ఇట్ ఈజ్ సెడ్', 'దే సే', 'అపరెంట్లీ'. ఒక్కోదాని బరువు ఒక్కోలా ఉంటుంది. 'ఐ వాజ్ టోల్డ్' అంటే నాకెవరో నేరుగా చెప్పారని. 'ఇట్ ఈజ్ సెడ్' అంటే ఊళ్లో అనుకుంటున్నారని. 'ఆర్ అడ్వైజ్డ్' అయితే అసలు చేరవేతే కాదు. చెప్పాల్సిన సంస్థ నేరుగా హెచ్చరిస్తోందన్నమాట. పైకి చూస్తే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. బలం మాత్రం వేరు.

తెలుగు నోట్లో పడగానే వీటిలో చాలావాటికి ఒకటే తోక తగులుకుంటుంది. 'అంట'. తుపానంట, బస్సులు బందంట, కరెంటు తీసేస్తారంట. ఈ చిన్న ముక్క చాలా తెలివైనది. మాట నాది కాదు, విన్నది చెబుతున్నా, నిజానిజాలకు నేను పూచీ కాదు.. ఇంత అర్థాన్ని రెండక్షరాల్లో ఇముడ్చుకుంటుంది. కబుర్లకు దీన్ని మించింది లేదు. హెచ్చరికకు మాత్రం ఇదే గండం. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం చెప్పిందీ, టీ కొట్టు దగ్గర ఎవరో అన్నదీ 'అంట' పడ్డాక ఒకే త్రాసులో కూర్చుంటాయి. 'పోయినసారి కూడా ఇట్నే అన్నారు, వానే పళ్ళా' అని పడవ దించేవాళ్లకు అదే సందు.

దీనికి తోడు అంచనా పదాలు. వాతావరణ శాఖ బులెటిన్లలో 'లైక్లీ' అన్న మాట ఊరికే వాడరు. దానికి లెక్కుంది. అవకాశం 25 నుంచి 50 శాతం ఉంటే 'లైక్లీ', 50 నుంచి 75 శాతం ఉంటే 'వెరీ లైక్లీ', 75 శాతం దాటితే 'మోస్ట్ లైక్లీ'. 25 శాతం లోపైతే 'అన్‌లైక్లీ'. తెలుగు వార్తల్లోకి వచ్చేసరికి మొదటి మూడూ కలిసి 'అవకాశం ఉంది' అయిపోతాయి. నూటికి ముప్పై అన్నా అదే మాట, నూటికి ఎనభై అన్నా అదే మాట. 'అవకాశం ఉంది', 'ఎక్కువ అవకాశం ఉంది', 'దాదాపు ఖాయం' అని మూడు రకాలుగా రాయడానికి స్క్రోలింగ్‌లో చోటు సరిపోదా అంటే.. సరిపోతుంది!

కాలం దగ్గర ఇంకో చిక్కు. ఇంగ్లిష్‌లో ఒకరి మాటను చెప్పేటప్పుడు లోపలి క్రియ కూడా వెనక్కి జరుగుతుంది. 'ది ఆఫీసర్ సెడ్ ది సిచుయేషన్ వాజ్ అండర్ కంట్రోల్'. ఇక్కడ 'వాజ్' ఉంది కదా అని 'పరిస్థితి అదుపులో ఉండేదని అధికారి చెప్పారు' అని రాస్తే కొంప మునిగినట్టే. అంటే ఇప్పుడు అదుపు తప్పిందా అని జనం హడలిపోతారు. తెలుగులో మనిషి అన్నది అన్నట్టే ఉంచి 'అని' తగిలిస్తాం. 'పరిస్థితి అదుపులో ఉందని చెప్పారు'. 'నేను రానన్నాడు' అంటే రానిది ఎవరో మనకు తికమక ఉండదు. ఇంగ్లిష్‌వాడు ఇక్కడ 'నేను'ను 'అతను' చేసి, కాలాన్ని వెనక్కి జరిపితే తప్ప వాక్యం పూర్తి చేయలేడు.

మరి 'ఆర్ అడ్వైజ్డ్' వెనకున్న ఆ కనిపించని మనిషి ఎవరు? తీరంలో ఈ ప్రశ్నకు జవాబు చాలా ముఖ్యం. ఎందుకంటే కబురు ఒక్కచోటు నుంచి రాదు. తుపాను కదలికలు, గాలి వేగం చెప్పేది వాతావరణ శాఖ. అలల ఎత్తు మీద హెచ్చరించేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. ఫోన్లకు మెసేజ్‌లు పంపేది రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ. ఊళ్లోకొచ్చి పడవలు ఆపేది మత్స్యశాఖ, పోలీసులు. 'అడ్వైజ్డ్' అంటే సలహా. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట విరామం సలహా కాదు, నిషేధం. 'సూచించబడింది' అని రెండింటినీ ఒకే గాటన కడితే ఏది మాటవరస, ఏది కేసు అయ్యేదో తెలియదు. 'వేటకు వెళ్లొద్దు: వాతావరణ శాఖ' అని రాస్తే గొడవే లేదు. అక్షరాలు కూడా తగ్గుతాయి.

1989 నవంబరులో పెనుతుపాను కావలి దగ్గర తీరం దాటినప్పుడు ఈ పాళేల్లో ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు. 2023 డిసెంబరులో మిగ్‌జాం వచ్చేనాటికి ప్రతి చేతిలోనూ ఉంది. నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుందని, అదీ బాపట్లకు దగ్గర్లోనని బులెటిన్లు చెప్పాయి. ఈ రెండు ఊళ్ల మధ్య దూరమే రెండు వందల కిలోమీటర్లకు పైగా. తుపాను నెల్లూరు తీరానికి ఆనుకున్నట్టే ఉత్తరంగా సాగి, డిసెంబరు 5 మధ్యాహ్నం బాపట్ల దగ్గర దాటింది. తుపాను దగ్గరపడ్డాక బులెటిన్ మూడు గంటలకోసారి మారుతుంది. ప్రతిదాని మీదా తేదీ, టైమ్ ఉంటాయి. ఫార్వర్డ్ అయిన 'నెల్లూరు దగ్గరే దాటుద్దంట'కు మాత్రం ఆ రెండూ ఉండవు. అది పొద్దున్నే అన్నదో, నిన్న రాత్రి అన్నదో చూసుకోవాలంటే మళ్లీ బులెటిన్ దగ్గరికే పోవాలి.