ములుగు అటవీసీమ

తెలంగాణ రాష్ట్రమునకు ఈశాన్యమున, గోదావరీ తీరమును ఆనుకొని ములుగు జిల్లా గలదు. 2019 ఫిబ్రవరి 17వ తేదీన ఇది ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. జిల్లా క్రొత్తదే గాని సీమ మిక్కిలి ప్రాచీనమైనది. ఇచ్చటి భూమిలో సగమునకు మించినది అడవియే. టేకు, మద్ది, ఇప్ప చెట్లును, వెదురు పొదలును దట్టముగా పెరిగియున్నవి. తరతరములుగా ఈ అడవిని నమ్ముకొని జీవించుచున్నవారు కోయలు. సేద్యము చేయుట, ఇప్పపూవు, తునికాకు, తేనె మున్నగువానిని సేకరించుట వారి జీవనాధారములు.

ఈ సీమకు రెండు చరిత్రలు గలవు. ఒకటి శిలలపై చెక్కబడినది. రెండవది జనుల నోట నిలిచినది. రెండును కాకతీయుల కాలమునకు సంబంధించినవే.

ఓరుగల్లు రాజధానిగా పాలించిన కాకతీయులు నీటి విలువ నెరిగినవారు. వానకాలమున కొండలనుండి పారు నీరు వృథా కాకుండ, కొండల నడుమ కట్టలు వేయించి చెరువులను నిర్మింపజేసిరి. కొండలే గోడలగుటచే చిన్న కట్టతోనే విస్తారమైన నీరు నిలిచెడిది. లక్నవరము, రామప్ప చెరువులు ఇట్టివే. నేటికిని అవి పొలములను తడుపుచున్నవి. కట్ట వేసినది మనుష్యుడే యైనను, చెరువును కాపాడునది అడవి. చెట్లు వాననీటిని నేలలోనికి ఇంకించి, మన్ను కొట్టుకొనిపోకుండ ఆపును. అడవి నశించినచో చెరువు పూడిపోవును.

రామప్ప చెరువునకు సమీపమున, పాలంపేటలో, గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు 1213వ సంవత్సరమున శివాలయమును ప్రతిష్ఠించినట్లు శాసనము తెలుపుచున్నది. దేవాలయములకు దేవుని పేరో, కట్టించిన ప్రభువు పేరో ఉండుట వాడుక. దీనిని మాత్రము జనులు శిల్పి పేర రామప్ప గుడి యని పిలుచుచున్నారు. పునాది గోతిని ఇసుకతో నింపి, దానిపై కట్టడమును లేపిరి. భూమి కంపించునపుడు ఇసుక ఆ అదురును తగ్గించునని నిపుణులు చెప్పుదురు. శిఖరమున వాడిన ఇటుకలు నీటిపై తేలునంత తేలికైనవి. అందుచే గోడలపై భారము తగ్గినది. నల్లరాతిలో చెక్కిన మదనికల మెడలోని హారములు సైతము స్పష్టముగా కనబడును. 2021 జూలై 25వ తేదీన యునెస్కో ఈ ఆలయమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. 2024 డిసెంబరు 4న ఈ జిల్లాలోనే 5.3 తీవ్రతతో భూకంపము పుట్టినను ఆలయము నిలిచియే యున్నది.

ఇక రెండవ చరిత్ర మేడారమునకు చెందినది. మేడారమును ఏలిన కోయదొర పగిడిద్దరాజు కాకతీయులకు సామంతుడని జనులు చెప్పుకొందురు. వానలు లేక పంటలు పోగా అతడు కప్పము చెల్లింపలేకపోయెను. ప్రతాపరుద్రుని సైన్యము దండెత్తి వచ్చెను. పగిడిద్దరాజును, కుమార్తె సారలమ్మయు, అల్లుడు గోవిందరాజును యుద్ధమున మడిసిరి. కుమారుడు జంపన్న సంపెంగవాగులో ప్రాణములు విడిచెను. నాటినుండి అది జంపన్నవాగైనది. తల్లి సమ్మక్క గాయములతోనే పోరాడి, చిలుకలగుట్ట వైపు నడచి అదృశ్యమయ్యెనట. వెదకినవారికి ఒక కుంకుమభరిణె మాత్రము దొరకెనట.

రెండేండ్ల కొకసారి మాఘమాసమున మేడారములో జాతర జరుగును. అచ్చట విగ్రహములు లేవు. కోయ పూజారులు సమ్మక్కను భరిణె రూపమున చిలుకలగుట్టనుండి తెచ్చి గద్దెపై నిలుపుదురు. సారలమ్మను కన్నెపల్లినుండి తెత్తురు. లక్షలకొలది జనులు బెల్లమును సమర్పించి, దానినే బంగారమందురు.

శాసనములు ప్రభువుల దానములను తెలుపును. కరవు కాలమున కప్పము చెల్లింపలేనివారి బాధను తెలుపవు. ఆ బాధను మరువనీయక నిలిపినది మేడారము కథ. చెరువులు కట్టించిన ప్రభువుల ఘనతను, ఎదిరించి నిలిచిన అడవిబిడ్డల ధైర్యమును కలిపి చదివినపుడే ఈ సీమ చరిత్ర పూర్ణమగును.

ఈ రెంటికిని ఆధారము అడవియే. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారము ప్రాంతమున వీచిన పెనుగాలికి వేలకొలది చెట్లు నేలకొరిగినవి. గుడిలో రాయి జారినచో శిల్పులు దానిని మరల అమర్చగలరు. నూరేండ్ల చెట్టు కూలినచో అట్టిది మరల పెరుగుటకు నూరేండ్లు కావలెను. కావున రామప్ప శిల్పములను ఎంత భద్రముగా చూచుకొందుమో, మేడారపు అడవిని అంతకంటె భద్రముగా చూచుకొనవలెను.